పాత లెన్సు, కొత్త కెమెరా, మధ్యలో కొన్ని మిల్లీమీటర్లు

సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లెన్సు ఒకటి చేతికొచ్చిందనుకోండి. అడాప్టర్ కొని నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి బిగిస్తే, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చక్కగా ఫోకస్ అవుతుంది. కిటికీలోంచి కనబడే చెట్టు మాత్రం రింగు ఎంత తిప్పినా మసక మసకగానే ఉంటుంది. అదే లెన్సును సోనీ మిర్రర్‌లెస్ బాడీకి పెట్టండి. చెట్టు, దాని వెనక కొండ, కొండ మీది చంద్రుడు అన్నీ స్పష్టంగా వస్తాయి. లెన్సులో ఏ లోపమూ లేదు, నికాన్ కెమెరాలోనూ లేదు. తేడా అంతా ఒక చిన్న కొలతలో ఉంది. పాత మాన్యువల్ లెన్సులు వాడాలనుకునేవాళ్లకి ఆ కొలత అర్థమైతే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

లెన్సు బిగించే లోహపు వలయం (దాన్నే మౌంటు అంటారు) నుంచి వెనక ఉన్న ఫిల్ము లేదా సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ప్రతి కంపెనీ తన మౌంటుకి ఒక దూరాన్ని ఖాయం చేసుకుని, తన లెన్సులన్నీ ఆ లెక్కకే తయారు చేస్తుంది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంటుకి అది 46.5 మి.మీ. ఒలింపస్ ఓఎంకి 46, మరతో బిగించే ఎం42కి 45.46, మినోల్టాకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. అన్నీ దాదాపు ఒకే చోట తిరుగుతున్నాయి చూడండి. దానికి కారణం అద్దం. ఎస్ఎల్ఆర్ కెమెరాలో (దాని డిజిటల్ రూపమే డీఎస్ఎల్ఆర్) లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఒక అద్దం ఏటవాలుగా ఉంటుంది, క్లిక్ కొట్టినప్పుడు పైకి లేస్తుంది. 36 × 24 మి.మీ. ఫ్రేముకి సరిపడే అద్దం అడ్డం లేకుండా లేచి దిగాలంటే ఆ మాత్రం చోటు ఉండాల్సిందే.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే లేదు కాబట్టి లెన్సు సెన్సర్‌కి దగ్గరగా వచ్చేసింది. సోనీ ‘ఈ’ (E) మౌంటుకి 18 మి.మీ., నికాన్ జెడ్‌కి 16, కెనాన్ ఆర్ఎఫ్‌కి 20, ఫ్యూజీ ఎక్స్‌కి 17.7. పాత లెన్సుకి 42 కావాలి, కొత్త బాడీ 18 దగ్గరే ఆగింది. మధ్యలో మిగిలిన 24 మి.మీ. ఖాళీని నింపడమే అడాప్టర్ పని. అందులో గాజు ఉండదు, మోటార్ ఉండదు, ఉత్త లోహపు గొట్టం. అందుకే అడాప్టర్ పెడితే ఫొటో క్వాలిటీ తగ్గుతుందేమోనన్న భయం అక్కర్లేదు. గాలికి క్వాలిటీ తగ్గించే గుణం లేదు.

ఇక నికాన్ డీఎస్ఎల్ఆర్ సంగతి. హీలియోస్ ఎం42 లెన్సు, దానికి 45.46 మి.మీ. కావాలి, బాడీలో అప్పటికే 46.5 ఉంది. అడాప్టర్ మందం సున్నా అనుకున్నా లెన్సు ఉండాల్సిన చోటు కంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు ముందుకి జరిగినట్టే. హీలియోస్ ఫోకల్ లెంగ్త్ (లెన్సు దృశ్యాన్ని ఎంత వెడల్పుగా, ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే కొలత) 58 మి.మీ. అలాంటి లెన్సు ఒక్క మిల్లీమీటరు ముందుకి జరిగితే, అది ఫోకస్ చేయగల అతి దూరపు వస్తువు సుమారు 3.3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. గదిలో మనిషి బాగా రావడానికీ బయటి చెట్టు రాకపోవడానికీ కారణం ఇదే. మధ్యలో చిన్న గాజు అమర్చి దూరాన్ని సరిచేస్తామనే అడాప్టర్లు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దనే నా సలహా. ఎంతో శ్రద్ధగా తయారు చేసిన లెన్సు వెనక ఒక నాసిరకం గాజుబిళ్ల పెడితే పాత లెన్సు వాడటంలో అర్థమే ఉండదు.

కెనాన్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్‌లకి ఈ దూరం 44 మి.మీ. కాబట్టి వాటి మీద నికాన్, ఓఎం, ఎం42 లెన్సులు హాయిగా పనిచేస్తాయి. ఫుల్ ఫ్రేమ్ (36 × 24 మి.మీ. సెన్సర్ ఉన్న) బాడీల్లో మాత్రం కొన్ని లెన్సుల వెనక భాగం అద్దానికి తగిలే ప్రమాదముంది, ముందే కనుక్కోవాలి. విచిత్రం ఏమిటంటే, కెనాన్ సొంత ఎఫ్‌డీ లెన్సులే కెనాన్ డీఎస్ఎల్ఆర్ మీద పనికిరావు. 1987లో ఆటోఫోకస్ కోసం కంపెనీ మౌంటునే మార్చేసింది. 42 కావాల్సిన లెన్సుకి 44 ఉన్న బాడీ సరిపోదు. దాంతో అంత మంచి లెన్సులు ఏళ్ల తరబడి దిక్కులేనివై కారుచౌకగా పడి ఉన్నాయి. 2008లో పానాసోనిక్ జీ1, 2010లో సోనీ నెక్స్, 2013లో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో సోనీ ఏ7 వచ్చాక వాటికి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. 50 మి.మీ. లెన్సు ఏ చూపుకోణం కోసం తయారైందో ఆ కోణం డిజిటల్లో పూర్తిగా దొరికేది ఫుల్ ఫ్రేమ్ మీదే. అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద అది 75 మి.మీ. లెన్సులా, ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ మీద 100 మి.మీ. లెన్సులా చూపిస్తుంది.

పదో వంతు మిల్లీమీటరు

అడాప్టర్ ఉత్త గొట్టమే అన్నాను. కానీ ఆ గొట్టం పొడవు ఎంత కచ్చితంగా ఉండాలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అడాప్టర్ 0.1 మి.మీ. ఎక్కువ మందంగా వచ్చిందనుకుందాం. కాగితం మందం అంత తేడా. దానితో 50 మి.మీ. లెన్సు 25 మీటర్లకి మించి ఫోకస్ కాదు. 28 మి.మీ. వైడ్ లెన్సయితే ఇంకా ఘోరం, ఎనిమిది మీటర్ల లోపే ఆగిపోతుంది. ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ ఈ పొరపాటుకి శిక్ష పెరుగుతుంది.

ఈ గొడవ రాకుండా చాలామంది తయారీదారులు అడాప్టర్‌ని కావాలనే ఒక వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. అప్పుడు ఇన్ఫినిటీ, అంటే అతి దూరపు వస్తువుల ఫోకస్, తప్పకుండా దొరుకుతుంది. కాకపోతే రింగు చివరిదాకా వెళ్లకముందే దొరుకుతుంది, ఇంకొంచెం తిప్పితే దాటిపోతుంది. చాలామంది రాత్రిపూట నక్షత్రాల ఫొటో తీయబోయి రింగుని చివరిదాకా తిప్పేసి, ఇన్ఫినిటీ గుర్తు దగ్గరే ఉంది కదా అనుకుంటారు. తీరా చూస్తే ప్రతి నక్షత్రమూ చిన్న బిళ్లలా వస్తుంది. పొట్టి అడాప్టర్‌తో లెన్సు మీది దూరపు అంకెలను నమ్మకూడదు. వీధిలో ఫోకస్ చూసుకోకుండా, అంకెలు చూసి దూరం పెట్టి క్లిక్ కొట్టేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి.

పరీక్ష తేలిక. పగటిపూట అర కిలోమీటరు దూరంలోని సెల్ టవరో, గుడి గోపురమో ఎంచుకోండి. అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, స్క్రీన్ మీద గరిష్ఠంగా మ్యాగ్నిఫై చేసి ఫోకస్ పెట్టి, రింగు ఎక్కడ ఆగిందో చూడండి. ఇన్ఫినిటీ గుర్తు దగ్గరో, దానికి కాస్త ముందో స్పష్టంగా వస్తే అడాప్టర్ మంచిదే. చివరికి వెళ్లినా స్పష్టత రాకపోతే వెంటనే తిరిగి పంపేయాలి. 1967లో నికాన్ 24 మి.మీ. లెన్సుతో తెచ్చిన పద్ధతిలో, దగ్గరి వస్తువుల కోసం లోపలి గాజుల మధ్య ఎడం మారే వైడ్ లెన్సులున్నాయి. వాటికి అడాప్టర్ పొడవు తప్పితే ఫోకస్ ఒక్కటే కాదు, అంచుల్లో స్పష్టత కూడా దెబ్బతింటుంది. వైడ్ లెన్సుల కోసమైనా కాస్త ఖరీదైన అడాప్టర్ కొనడం నయం.

మర ఒకేలా ఉంది కదా అని మోసపోయే సందర్భాలు రెండున్నాయి. ఎం42 అంటే 42 మి.మీ. వ్యాసం, ఒక మిల్లీమీటరు మర. టెలిస్కోపులకీ కొన్ని పొడవాటి టెలీ లెన్సులకీ వాడే టీ2 కూడా 42 మి.మీ. వ్యాసమే, కానీ దాని మర 0.75 మి.మీ. మొదటి చుట్టు బాగానే ఎక్కి ఆ తర్వాత బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే మర పోతుంది. అలాగే సోవియట్ జెనిత్ కెమెరాల తొలినాటి లెన్సుల మర 39 మి.మీ., పాత లైకా లెన్సులదీ 39 మి.మీ. కానీ లైకాకి ఫ్లాంజ్ దూరం 28.8, ఆ జెనిత్‌లకి 45.2. అడాప్టర్ మారిపోతే మామూలు దూరాల్లో ఫోకస్ కుదరదు.

అపెర్చర్ ఎవరి చేతిలో ఉంది

కొత్త లెన్సులో అపెర్చర్‌ని కెమెరా నడుపుతుంది. పాత లెన్సులో లెన్సు మీది రింగే నడుపుతుంది, కెమెరాకి ఆ సంగతి తెలియదు. అసలు తనకో లెన్సు ఉందన్న సంగతే దానికి తెలియదు. అందుకే మెనూలోకి వెళ్లి, లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా సెట్టింగ్ మార్చకపోతే చాలా బాడీలు క్లిక్ కొట్టడానికి ఒప్పుకోవు. కెమెరా పాడైందేమోనని కొత్తవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే.

ఎక్స్‌పోజర్ మాత్రం అనుకున్నంత కష్టం కాదు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ మీద పడే వెలుతురునే కెమెరా నేరుగా కొలుస్తుంది. అపెర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి రింగు ఎఫ్/2 నుంచి ఎఫ్/8కి తిప్పితే (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) షట్టర్ వేగం దానంతట అదే సర్దుకుంటుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే ఫోకల్ లెంగ్త్ మనమే మెనూలో ఇవ్వాలి. 135 మి.మీ. అని ఇచ్చిన సెట్టింగ్ మరిచిపోయి 28 మి.మీ. లెన్సు బిగిస్తే, చేతి వణుకుని సరిదిద్దబోయి కెమెరాయే ఫొటోని వణికిస్తుంది.

హీలియోస్ 44-2 మీద రెండు రింగులుంటాయి. ఒకటి కటకటమంటూ అంకె మీద ఆగుతుంది, అది హద్దు. రెండోది శబ్దం లేకుండా మెత్తగా తిరుగుతూ అపెర్చర్ రేకుల్ని పూర్తి తెరుపు నుంచి ఆ హద్దు దాకా మూస్తుంది. వ్యూఫైండర్ వెలుతురుగా ఉంచి ఫోకస్ చేసుకుని, క్లిక్ ముందు ఠక్కున మూయడానికి చేసిన ఏర్పాటు అది. వీడియో తీసేవాళ్లకి ఆ మెత్తటి రింగు ఇప్పుడు వరమైంది. తర్వాత వచ్చిన ఎం42 లెన్సుల్లో ఆ పనిని వెనకనున్న చిన్న పిన్ను చేస్తుంది. లెన్సు మీద ఆటో, మాన్యువల్ స్విచ్ ఉంటే మాన్యువల్‌లో పెట్టండి. ఆ స్విచ్ లేని లెన్సుకి పిన్నుని లోపలికి నొక్కి ఉంచే అంచున్న అడాప్టర్ కావాలి, లేకపోతే రింగు ఎంత తిప్పినా రేకులు కదలవు. ఎఫ్‌డీ అడాప్టర్ మీద దానికో రింగు ఉంటుంది. అది తెరిచిన వైపే ఉండిపోతే ప్రతి ఫొటో పూర్తి అపెర్చర్‌లోనే పడుతుంది.

నికాన్ డీఎస్ఎల్ఆర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. పాత నికాన్ లెన్సు నికాన్ బాడీకి ఎక్కుతుంది కదా అని అన్నీ ఎక్కించకూడదు. 1977లో ఏఐ అనే, అపెర్చర్ అంకెని కెమెరాకి తెలిపే పద్ధతి రాకముందు తయారైన లెన్సుల అపెర్చర్ రింగు అంచు, డీ7000 వరుసలో చాలావాటి మీద, ఆ పైస్థాయి బాడీల మీద ఉండే, వెలుతురు కొలిచే మీటరు తాలూకు చిన్న మీటని విరగ్గొట్టగలదు. గుర్తుపట్టడం తేలిక: ఏఐ లెన్సు మీద అపెర్చర్ అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి, రెండోది మౌంటుకి ఆనుకుని బాగా చిన్న అక్షరాల్లో. డీ3000, డీ5000 వరుసల చిన్న కెమెరాల్లో ఆ మీటే లేదు కాబట్టి పాత లెన్సు వాటికి హాని చేయదు. కాకపోతే వాటిలో మీటరింగ్ పనిచేయదు, ఎక్స్‌పోజర్ మనమే పెట్టుకోవాలి.

ఫోకస్

50 మి.మీ. లెన్సుని ఎఫ్/1.4 దగ్గర తెరిచి మీటరు దూరంలోని ముఖానికి గురిపెడితే స్పష్టంగా ఉండేది మూడు సెంటీమీటర్ల మందమే. కన్ను ఫోకస్‌లో ఉంటే చెవి ఉండదు. మనిషి ఊపిరి పీల్చినా ఆ హద్దు దాటేయొచ్చు. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్లోంచి దీన్ని కంటితో పట్టడం దాదాపు అసాధ్యం. ఆటోఫోకస్ కాలంలో వాటి ఫోకసింగ్ తెరని వెలుతురు కోసం మార్చేశారు, ఎఫ్/2.8 కంటే వెడల్పైన అపెర్చర్ ఇచ్చే అసలు మసకని అది చూపించదు. ఫిల్ము కెమెరాల్లో ఫోకస్ కోసం తెర మధ్యలో ఉండే చీలిన వృత్తం కూడా వాటిలో లేదు.

మిర్రర్‌లెస్‌లో రెండు సాయాలున్నాయి. ఫోకస్ అయిన అంచులకి రంగు పూసే పీకింగ్ ఒకటి, బొమ్మని పెద్దది చేసి చూపించే మ్యాగ్నిఫికేషన్ రెండోది. అందరూ మొదటిదాన్ని మెచ్చుకుంటారు, నేను రెండోదాన్నే నమ్ముతాను. పీకింగ్ చూసేది అంచుల్లోని కాంట్రాస్ట్‌ని. దారాల చీర అంచు ఫోకస్‌లో లేకపోయినా మెరిసిపోతుంది, ఫోకస్‌లో ఉన్న పసిబిడ్డ చెంప అసలు మెరవదు. నిలకడగా కూర్చున్న మనిషికైతే మ్యాగ్నిఫై చేసి కనురెప్ప వెంట్రుకల మీద ఫోకస్ పెట్టి, రింగు అక్కడే ఉంచి క్లిక్ కొట్టడమే సరైన దారి. ఇంకోటి, ఫొటో ఏ అపెర్చర్‌లో తీయబోతున్నారో అందులోనే ఫోకస్ చేయండి. వెడల్పైన పాత లెన్సుల్లో అపెర్చర్ మూసినప్పుడు ఫోకస్ స్థానం కొద్దిగా వెనక్కి జరగడం మామూలే.

కదిలే పిల్లలకీ, పెళ్లి మండపంలో తలంబ్రాలకీ ఈ లెన్సులు వద్దు. అక్కడ ఆటోఫోకస్‌ని మించింది లేదు.

సుడి తిరిగే ఆకులు ఎక్కడినుంచి వస్తాయి

పాత లెన్సుకి క్యారెక్టర్ ఉంటుందంటారు. ఆ మాట వెనక కొలవగలిగిన కారణాలే ఉన్నాయి, మంత్రమేమీ లేదు. హీలియోస్ 44 డిజైన్ సోవియట్‌ది కాదు, జర్మనీలో జైస్ 1930లలో తయారు చేసిన బయోటార్ 58 మి.మీ. ఎఫ్/2ది. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు. యుద్ధం తర్వాత మాస్కో దగ్గరి క్రాస్నొగోర్స్క్ ఫ్యాక్టరీలోనూ, మరి కొన్ని చోట్లా జెనిత్ కెమెరాలతో పాటు భారీ ఎత్తున తయారైంది. అందుకే ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతోంది.

దానితో ఎఫ్/2 దగ్గర, ఒకటిన్నర మీటర్ల దూరంలో మనిషిని నిలబెట్టి, నాలుగైదు మీటర్ల వెనక ఆకుల సందుల్లోంచి వెలుతురు వచ్చే వేపచెట్టు ఉండేలా చూసుకోండి. ఫ్రేము మధ్యలో వెలుగు చుక్కలు గుండ్రంగా వస్తాయి. అంచుల వైపు పోయేకొద్దీ అవి నిమ్మతొనల్లా సన్నబడి, మధ్యభాగం చుట్టూ వలయంగా తిరుగుతున్నట్టు అమరుతాయి. ఏటవాలుగా వచ్చే కిరణాలకి లెన్సు గొట్టం ముందు అంచు ఒక పక్క, వెనక అంచు ఇంకో పక్క అడ్డుపడి ఆ గుండ్రటి చుక్కని కొరికేస్తాయి. నిమ్మతొన ఆకారం అలా వస్తుంది. దానికి తోడు, ఫ్రేము అంచుల్లో అడ్డ గీతలూ నిలువు గీతలూ ఒకే దూరంలో ఫోకస్ కాకపోవడం సుడిని ఇంకా పెంచుతుంది. ఎఫ్/4కి మూస్తే రేకులే హద్దు అవుతాయి కాబట్టి సుడి మాయమవుతుంది. వెనక ఉత్త గోడ ఉన్నా కనబడదు. ఏపీఎస్-సీ సెన్సర్ అంచుల్ని కోసేస్తుంది కాబట్టి అక్కడ సగమే కనబడుతుంది. ఏపీఎస్-సీ బాడీతోనే ఆ సుడి కావాలంటే 0.71 రెట్లు కుదించే గాజున్న అడాప్టర్లున్నాయి. అవి కోణాన్ని దాదాపు ఫుల్ ఫ్రేముకి తేవడంతో పాటు ఒక స్టాప్ (అంటే రెట్టింపు) వెలుతురూ పెంచుతాయి. గాజున్నా వాడదగినవి ఇవే, అదీ మంచి కంపెనీవైతేనే.

ఎండకి ఎదురుగా పెడితే బొమ్మంతా పాలపొరలా తేలిపోవడానికి కారణం గాజు మీది పాత కోటింగ్ (పూత). ఒకే పొర కోటింగ్ ఉన్న గాజుల మధ్య వెలుతురు అటూ ఇటూ ఎగురుతుంది. పైగా ఫిల్ముతో పోలిస్తే సెన్సర్ ముందుండే గాజు బాగా నునుపు, అది కూడా వెలుతురుని లెన్సులోకి తిప్పికొడుతుంది. లెన్సు ముందు నీడ పట్టే చిన్న హుడ్ పెడితే చాలావరకు తగ్గుతుంది. అదే సెన్సర్ గాజు లైకా తరహా పాత వైడ్ లెన్సులకి అసలు శత్రువు. ఆ లెన్సుల వెనక భాగం ఫిల్ముకి బాగా దగ్గరగా ఉండి, కిరణాల్ని అంచులకి బాగా ఏటవాలుగా పంపుతుంది. ఏటవాలు కిరణం మందమైన గాజులో దారి తప్పుతుంది, మూలలు అలుక్కుపోతాయి, కొన్నిసార్లు ఊదా రంగు తేలుతుంది. ఎస్ఎల్ఆర్ కోసం చేసిన వైడ్ లెన్సులు అద్దానికి చోటివ్వడానికి వెనక్కి దూరంగా ఉండేలా తయారైనవి, అందుకే డిజిటల్లో అవే మేలు.

కొనేముందు

టార్చి వెలిగించి లెన్సు వెనకనుంచి ఏటవాలుగా వేసి ముందునుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనబడితే అది ఫంగస్. కోస్తా జిల్లాల తేమకి, తోలు కేసులో పెట్టి బీరువాలో మరిచిపోయిన లెన్సులకి ఇది తప్పని తెగులు. మొదట్లో అయితే మెకానిక్ తుడవగలడు, ముదిరితే అది కోటింగ్‌ని తినేసి గాజు మీద మచ్చ వదులుతుంది. ఒకటి రెండు చుక్కల దుమ్ము ఫొటోలో కనబడదు, దానికోసం బేరం చెడగొట్టుకోవద్దు. లోపలంతా పల్చటి మంచులా ఉంటే మాత్రం వదిలేయండి. అపెర్చర్ రేకుల మీద నూనె ఉందేమో, రింగు ఒకే బరువుతో తిరుగుతోందో లేదో చూడాలి. కొన్నాక 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లోనో, గట్టి మూతున్న డబ్బాలో సిలికా జెల్ వేసో దాచాలి.

గాజు పసుపు రంగుకి తిరిగిన పెంటాక్స్ సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 కనబడితే కంగారు పడకండి. 1964లో వచ్చిన తొలి రకంలో ఎనిమిది గాజులు, ఆ తర్వాతి రకంలో ఏడు. ఈ ఏడింట్లో ఒకదానికి కాంతిని ఎక్కువ వంచే గుణం కోసం థోరియం కలిపారు. ఏళ్ల తరబడి ఆ రేడియేషనే గాజుకి పసుపు పట్టిస్తుంది. కొన్ని రోజులు ఎండలోనో, అతినీలలోహిత దీపం కిందో ఉంచితే ఆ పసుపు చాలావరకు దిగిపోతుంది. ఎండలో పెడితే మాత్రం ఎక్కువ వేడెక్కకుండా, కిరణాలు ఏ వస్తువు మీదా కేంద్రీకరించకుండా చూసుకోవాలి. కెమెరాకి పెట్టి వాడటానికి భయం లేదు. ఆ గాజుని పగలగొట్టడం, అరగదీయడం మాత్రం చేయొద్దు.

మన ఊళ్లలో మూతపడిన స్టూడియోల అల్మరాల్లో ఇంకా పెంటాక్స్ కె1000లు, నికాన్ ఎఫ్ఎం2లు, జెనిత్‌లు లెన్సులతో సహా ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడే కనబడే యాషికా మాట్-124జి, ఎలక్ట్రో 35 లెన్సులు మాత్రం బాడీ నుంచి ఊడిరావు, షట్టర్ కూడా లెన్సులోనే ఉంటుంది. వాటిని ఫిల్ము వేసి వాడాల్సిందే. కె1000తో వచ్చే 50 మి.మీ. ఎఫ్/2 దొరికితే, పెంటాక్స్ కె నుంచి మీ బాడీకి అడాప్టర్ ఒక్కటి కొనుక్కుంటే చాలు. మొదటి పాత లెన్సుగా నేను ఎవరికైనా చెప్పేది అదే.